పదకొండు బావుల మీద పచ్చపొడి

నేను పద్దెనిమిదేళ్లు చేసిన ఉద్యోగాన్ని తెలుగులో ఏమంటారో నాకు ఇప్పటికీ తెలియదు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ "మా పిల్ల సింగపూరులో బొమ్మరిళ్లు కడుతుంది" అని చెప్పేది. అదీ తప్పేమీ కాదు. ఒక ఊరు కట్టబోయే ముందు అది ఎలా ఉంటుందో బల్ల మీద చిన్నగా చేసి చూపిస్తారే, ఆ నమూనాలు చేసే గదిలో పనిచేశాను. మీరిప్పుడు కంప్యూటరు తెర మీద వేలితో తిప్పి చూసుకుంటున్నదంతా అప్పట్లో మేము థర్మాకోలు, అట్ట, జిగురు పెట్టి చేసేవాళ్లం. ఆ గదిలో చదువు లేకపోయినా నడుస్తుంది, చెయ్యి వణక్కపోతే చాలు. నాది అయిదో తరగతి.

చేరింది మాత్రం తుడవడానికి. యీషున్‌లో మా ఫ్లాటు కింది అంతస్తులో ఉండే తమిళావిడ, వాళ్ల ఆఫీసులో ఊడ్చి తుడవడానికి మనిషి కావాలట అంటే వెళ్లాను. ఒకరోజు దుమ్ము దులుపుతుంటే బల్ల మీది ఊళ్లోంచి ఒక మేడ ఊడి కింద పడింది. ఎవరూ చూడకముందే అతికించేశాను. మర్నాడు నమూనాల గది పెద్దాయన వచ్చి ఆ మేడ ఎవరు అతికించారని అడిగాడు. పని పోయిందనే అనుకున్నాను. ఆయన తల వంచి మళ్లీ చూసి, మిగతావన్నీ వంకరగా ఉన్నాయి, ఇదొక్కటే తిన్నగా ఉంది అన్నాడు. ఆ నెల నుంచి నా చీపురు ఇంకొకరి చేతికి పోయి, నా చేతికి బ్లేడు వచ్చింది.

ఆ పెద్దాయన చీనా మనిషి, అరవైకి దగ్గర. ఇక్కడి అలవాటు ప్రకారం అందరం అంకుల్ అనేవాళ్లం. మాట్లాడితే జిగురు ఆరిపోతుందన్నట్టు ఉండేవాడు. ఆయనకి ఒకటే సూత్రం. బల్ల అంచున ఒక బియ్యపు గింజని టేపుతో అతికించి ఉంచాడు. మేము గీతల కాగితం మీంచి ఏది తీసి నమూనాలో పెట్టాలన్నా ముందు ఆ గింజ పక్కన పెట్టి చూసుకోవాలి. గింజకన్నా చిన్నదైతే వదిలెయ్యాలి. "నిలబడి చూసేవాడికి కనబడదు లా. కనబడనిది దుమ్ములా ఉంటుంది" అనేవాడు, ఇక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. ఆ మాటతో ఆయన ముప్పయ్యేళ్లు నెగ్గుకొచ్చాడు. మా నమూనాల్లో దుమ్ము ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజులు గుర్తున్నాయా? మీకెలా గుర్తుంటాయి, మీలో సగం మంది అప్పటికి పుట్టలేదు. అవి ఆగలేదు. ఆగకపోగా మన తెలుగు పిల్లలు విమానాలకి విమానాలే దిగారు. పొద్దున యీషున్‌లో ట్రైను ఎక్కితే ఏ పెట్టెలో చూసినా మన మాటే. ఆ ఊపులోనే మా ఆఫీసుకి, హైదరాబాదు అవతల కంప్యూటరు కంపెనీల కోసం ఒక కొత్త పట్నం గీసిపెట్టే పని వచ్చింది.

దాన్ని చూడడానికి ఒక హైదరాబాదీ ఇంజనీరుని తీసుకున్నారు. ముస్లిముల అబ్బాయి, కొత్తగా పెళ్లయి ఇక్కడే బెడోక్‌లో కాపురం. ఇంట్లో ఉర్దూ, మా ఆఫీసు డైరెక్టరుగారితో ఇంగ్లీషు, నాతో తెలుగు. మధ్యాహ్నం నా డబ్బా మూత తీస్తే చాలు, గోంగూర వాసన పట్టుకుని మా గదికి వచ్చేసేవాడు. ఆ పట్నం కథంతా నాకు చెప్పింది ఆయనే. ఉత్త రోడ్లూ మేడలూ గీస్తే సరిపోదట, దాన్ని నడిపే ఒక బోర్డుని కూడా పుట్టించాలట.

"మీ ఫ్లాట్లకి మెట్లు కడిగించి, లిఫ్టు బాగుచేయించి, నెలనెలా వసూలు చేసేటోళ్లు ఉంటరు కదా ఆంటీ, గిది గసుంటిదే. కాకపోతే ఇరవై ఊర్లకు. నీళ్లు ఇస్తది, మురుగు తీస్తది. దానికోసం పన్ను తానే వేస్తది. జాగ కావాల్నంటే తానే తీసుకుంటది."

"ఇవ్వనంటే?" అన్నాను.

"ధర చాలలేదనొచ్చు. ఇయ్యననడానికి ఉండదు."

ఆయన తిని వెళ్లిపోయాక చాలాసేపు అదే ఆలోచించాను. నీళ్లబిందే, బియ్యం డబ్బా, బీరువా తాళాలూ అన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉండే ఇంట్లో నేను నాలుగేళ్లు కోడలిగా ఉన్నాను. ఆ మనిషి మంచిదైతే అంతకన్నా సుఖమైన ఇల్లు లేదు. ఎవరికీ ఏ లోటూ రాదు, ఏ పనీ ఆగదు. కానీ ఆవిడ పొరపాటు పడిన రోజున చెప్పుకోవడానికి ఇంకో గుమ్మం ఉండదు.

సరే, పని మొదలైంది. ఆ నేలని కొలిచి గీసిన సర్వే కాగితం వచ్చింది. మంచం దుప్పటంత ఉంది. ఊళ్లూ, బాటలూ, రాళ్లగుట్టలూ గీసి ఉన్నాయి. ఒక ఊరికి తూర్పున, ఇళ్లు లేని వాలులో చిన్న చిన్న సున్నాలు కనిపించాయి, లోపల చుక్కతో. లెక్కపెట్టాను. పదకొండు. అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసింది. మా అమ్మమ్మగారి పొలంలో బావి తవ్వినప్పుడు కొలతలాయన వచ్చి కాగితం మీద సరిగ్గా అలాంటి సున్నాయే చుట్టి వెళ్లాడు. నాకు ఏడేళ్లప్పుడు. ఆ సున్నాలో చుక్క ఎందుకని అడిగితే, నీళ్లు పడ్డాయన్నమాట అన్నాడు.

అంకుల్‌కి చూపించాను. ఆయన బియ్యపు గింజ వైపు వేలు చూపించాడు. సున్నా గింజలో మూడో వంతు కూడా లేదు. ఇవి బావులు అంకుల్, అన్నాను. బల్ల మీద మచ్చలుగా కనబడతాయి అన్నాడు. ఇంకోసారి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పల్చగా జిగురు రాసి, జల్లెడలో పచ్చపొడి వేసి, ఆ వాలంతా జల్లాను. గడ్డి మొలిచినంత అందంగా వచ్చింది. ఆ నమూనాలోకెల్లా బాగా కుదిరింది ఆ ముక్కే.

ఒక వారం తర్వాత బల్ల చుట్టూ అందరూ చేరారు. ఆ పట్నం మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటు ఎక్కడ పెట్టాలా అని చర్చ. మా డైరెక్టరుగారు చీనా ఆవిడే, నిదానస్తురాలు, ఎవరినీ మాట అని ఎరగదు. నీలం దిమ్మ ఒకటి చేత్తో పట్టుకుని బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. పల్లంలో ఉండాలి, ఇళ్లు ఉండకూడదు. చివరికి నా పచ్చటి వాలు మీద పెట్టి, ఇక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు అంది. అందరూ తలలూపారు. ఆ పట్నాన్ని నడపబోయే బోర్డు హద్దుల కాగితంలో ఆ చోటుని ఖాళీ భూమి అని రాశారు. ఖాళీ భూమి అయితే తీసుకోవడం తేలికట. బోర్డు ఆఫీసు గోడకి ఒక నోటీసు అంటిస్తే చాలునట, ఇంటింటికీ వెళ్లి చెప్పక్కర్లేదట.

నేను అప్పుడూ గోడ దగ్గరే నిలబడి ఉన్నాను, చేతిలో బ్రష్షుతో.

ఇంకో నెలకి హైదరాబాదు నుంచి మనుషులు వచ్చారు. ఒక ఆఫీసరు, ఆయన వెంట ఆ ఊరి సర్పంచి. ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. నేతచీర మీద మగవాళ్ల స్వెటరు తొడుక్కుంది, మా ఏసీకి వణికిపోతోంది. ముందురోజు ఆవిడకి ఇక్కడి చెరువులూ, నీళ్లు శుభ్రం చేసే చోట్లూ అన్నీ చూపించారు. ఇంత మంచి నల్లా నీళ్లు మా ఊరికొస్తే మా ఆడోళ్లు మిమ్మల్ని దీవిస్తరని ఆవిడే అందట. మా ఊరు బోర్డులో చేరడం మాకు సమ్మతమే అని పంచాయతీ తీర్మానం ఆఫీసరు ముందే రాయించి తెచ్చాడు. ఆవిడ సంతకం చేసి ముద్ర వెయ్యడమే తరువాయి. ఊళ్లో నలుగురి మధ్య కన్నా ఇక్కడే అయిపోతే నయమని ఆయన లెక్క. ముద్ర ఆవిడ చేతిసంచిలోనే ఉంది, రుమాల్లో చుట్టి.

"మా ఊరు ఏడుంది సార్?" అని అడిగింది.

ఇంజనీరు చూపించాడు. ఆవిడ బల్ల మీదికి వంగింది. ఇది బడి, ఇది పాలకేంద్రం, ఇది మా వీధి అని గుర్తుపట్టి చిన్నపిల్లలా సంబరపడింది. తర్వాత ఆ వేలు తూర్పు వైపుకి జరిగి, పచ్చటి వాలు మీద ఆగిపోయింది.

"మరి మా బావులేవి?"

ఇది నమూనా కదమ్మా, చిన్నచిన్నవి కనబడవు అని ఆఫీసరు సర్దిచెప్పాడు.

"చెట్లు కనబడ్తున్నయి గద సార్" అంటూ ఆవిడ పార్కులో నేను గుచ్చిన చెట్లు చూపించింది. "ఇంకా నాటని చెట్లు కనబడ్తయి. మా తాత తవ్విన బావి కనబడదా? ఊరు ఊరంత ఆ బావుల మీదనే కూరగాయలు పండిస్తది."

ఏమంటున్నారని డైరెక్టరుగారు అడిగింది. ఇంజనీరు ఆఫీసరు వంక చూశాడు. కాగితం వంక చూశాడు. చెట్ల గురించి అడుగుతున్నారు, పార్కు నచ్చింది అని ఇంగ్లీషులో చెప్పాడు. డైరెక్టరుగారు నవ్వి, కావాలంటే చెట్లు ఇంకా పెంచుదాం అంది.

ఆ గదిలో రెండు భాషలూ తెలిసినవాళ్లం ముగ్గురం. ఇంజనీరు అలా చెప్పేశాడు. ఆఫీసరు చెప్పడు. ఇక మిగిలింది నేను. నా ఇంగ్లీషు చేపల బజారులో బేరానికి సరిపోయే ఇంగ్లీషు. భయం వేసిందా అంటే వేసింది. మా ఆయన నడుం దెబ్బతిని ఓడల పని మానేసి అప్పటికి ఏడాది. కానీ ఒకటి మాత్రం తెలుసు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ తెలియక తప్పు చేశారు. అంకుల్‌కి అవి ఒట్టి మచ్చలు, బావులంటే ఏమిటో తెలిసి కప్పింది నేనొక్కదాన్నే.

"మేడమ్, ఆవిడ అడిగింది చెట్లు కాదు, బావులు. పదకొండున్నాయి. నేనే కప్పేశాను."

డైరెక్టరుగారు కోప్పడలేదు. ఎక్కడ, అని మాత్రం అడిగింది. నల్లతలల గుండుసూదుల డబ్బా తీసుకుని, నాకు గుర్తున్నట్టు ఒక్కొక్కటీ గుచ్చుకుంటూ వెళ్లాను. నాలుగింటికి చోటు దొరకలేదు, వాటి మీద నీలం దిమ్మ ఉంది. డైరెక్టరుగారు ఆ దిమ్మ ఎత్తి పట్టుకుంది. ఈలోపు అంకుల్ సొరుగులోంచి సర్వే కాగితం తీసుకొచ్చి నా పక్కన పరిచాడు. ఒక సూదిని కొంచెం ఎడమకి జరిపాడు. మిగతావాటిని ముట్టుకోలేదు.

సర్పంచి వేలితో లెక్కపెట్టింది. "పన్నెండు ఉండాలె. ఒకటి పోయిన ఎండకాలంల తవ్విండ్రు. మీ కాగితం అంతకుముందుది" అంది. ఒక సూది ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే గుచ్చింది. అది కూడా దిమ్మ చోటులోకే వచ్చింది. డైరెక్టరుగారు దిమ్మని దించడానికి చోటు లేక అలాగే పట్టుకుని నిలబడింది.

అప్పుడు సర్పంచి ఇంజనీరు వైపు తిరిగింది. "అన్నా, ఈసారి నేనన్నది అన్నట్టే చెప్పు. బోర్డు వస్తే నీళ్లొస్తయి, మంచిదే. పన్ను కడ్తం, కట్టక తప్పుతదా. గని ఖాళీ జాగ అని మీరు రాసుకున్నంక, అది ఖాళీ కాదు సారూ అని చెప్పనీకి మేము ఎవరి దగ్గరికి పోవాలె?"

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. అయినా అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆ ప్రశ్నకి బోర్డు కాగితాల్లో జవాబు లేదు. ఎనభై పేజీలున్నాయి ఆ కాగితాలు. పన్ను ఎలా వెయ్యాలో ఉంది, కట్టకపోతే ఏం చెయ్యాలో ఉంది, భూమి ఎన్ని రోజుల్లో తీసుకోవచ్చో ఉంది. ఎవరి దగ్గరికి పోవాలో లేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. సర్పంచి ఏ గొడవా పెట్టుకోలేదు, అందరికీ దండం పెట్టింది. ముద్ర మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు.

సాయంత్రం ఇంజనీరు మా గదికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. నన్ను ఈ దేశంల ఉండనిచ్చే పాసు ఈ పని మీదనే ఉంది ఆంటీ, ఆ ఆఫీసరు అలిగితే పనే పోతదని జంకిన, అన్నాడు. నేను ఆయన్ని తిట్టలేదు. ఆయన మార్చింది ఒక్క మాట. నేను పూడ్చింది పదకొండు బావులు. ఆ రోజు మధ్యాహ్నం తెరవకుండా ఉండిపోయిన నా డబ్బా అప్పుడు తీసి, ఇద్దరం చెరిసగం తిన్నాం.

మర్నాడు డైరెక్టరుగారు గదికి పిలిచింది. ఉన్న నాలుగు సామాన్లూ సంచిలో సర్దుకునే వెళ్లాను. ఆవిడ కూర్చోమని, ఇంతకుముందు చేసిన నమూనాల్లో ఇలా ఏమేం వదిలేశామో గుర్తుందా అని అడిగింది. ఆ మాటకి నాకు తిట్టు తిన్నట్టే అయింది. గుర్తుందా అంటే, అన్నీ గుర్తున్నాయి. ఒక చోట చేపలవాళ్ల చెక్కవంతెన. ఒక చోట రావిచెట్టు కింద ఎర్రటి చిన్న గుడి. ఒక చోట కోళ్లపాక. ఇంకో చోట రెండు సమాధులు. చెబుతూ పోయాను, ఆవిడ రాసుకుంటూ పోయింది. రెండు పేజీలు దాటాక కలం పక్కన పెట్టేసింది.

అంకుల్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడడు కాబట్టి అది కోపమని పోల్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. అయిదో రోజు థర్మాకోలు కోస్తూ, తల ఎత్తకుండా, సింగపూరులోనే బుకిట్ పంజాంగ్ దగ్గర తన తండ్రికి కూరగాయల తోట ఉండేదని చెప్పాడు. తోటలో చిన్న చెరువు, దాంట్లో బాతులు. ప్రభుత్వం తీసుకుని ఫ్లాటు ఇచ్చింది. ఫ్లాటు బాగుంది, లిఫ్టు ఉంది, అమ్మకి మోకాళ్లనొప్పులు కదా, మంచిదే అయింది లా అన్నాడు. ఇంకో ముక్క కోసి పక్కన పెట్టాడు.

"అక్కడి నమూనా చేసింది నేనే. చెరువు పెట్టలేదు. గింజకన్నా చిన్నది."

ఆయనకి ఏం చెప్పాలో మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి. టీ పెట్టి ఇచ్చాను. తాగాడు.

ఆ తర్వాత ఏమైందంటే, బోర్డు వచ్చింది. పన్ను వేసే హక్కూ, భూమి తీసుకునే హక్కూ రెండూ దానికి వచ్చాయి. మేమేదో అడ్డుపడి ఆపేశామని అనుకోకండి. ఆపాలని సర్పంచి కూడా అనలేదు, ఆవిడకి నల్లా నీళ్లు కావాలి. ప్లాంటు మాత్రం రాళ్లగుట్ట పక్కకి జరిగింది. దానికి పైపులు ఎక్కువ పడతాయని ఇంజనీర్లు గొణుక్కున్నారు. ఎనభై పేజీల కాగితంలో ఒక వాక్యం కొత్తగా చేరింది. దాన్ని రాసింది మా హైదరాబాదీ ఇంజనీరే. ఏ భూమినైనా ఖాళీ అని రాసే ముందు బోర్డు మనిషి ఆ నేల మీదికి వెళ్లి, దాని ఆసామి పక్కన నిలబడి, అక్కడున్న నీటివసతినంతా రాసుకుని, ఇద్దరూ సంతకం చెయ్యాలి. అలా రాసుకున్న చోటు ఖాళీ కిందికి రాదు. ఇంతే. ఇంత చిన్న వాక్యం కోసం పై ఆఫీసులతో ఆయన ఎన్ని ఉత్తరాలు నడిపాడో నాకు తెలుసు, కవర్లు అంటించింది నేనే. దాన్ని చదివాకనే సర్పంచి తమ ఊళ్లో, నలుగురి మధ్య, ముద్ర వేసిందట.

ఆ వాక్యం ప్రకారం మొదటి తనిఖీ జరిగినప్పుడు మా ఇంజనీరు కూడా ఆ ఊరు వెళ్లాడు. తిరిగొచ్చాక ఆఫీసు కింద తిండికొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లో అంకుల్‌నీ నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. నాకు తెలుగులో, అంకుల్‌కి ఇంగ్లీషులో, ఒక్కో ముక్కా రెండేసిసార్లు.

బోర్డువాళ్లు పొద్దున్నే వస్తామని మధ్యాహ్నం దాటాక వచ్చారట. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ పనికి పోలేదట. ఎవరి బావి దగ్గర వాళ్లు, నెత్తిన తువ్వాలు వేసుకుని, అన్నం మూట పక్కన పెట్టుకుని నిలబడే ఉన్నారట. ఆసామి పక్కన నిలబడాలని కదా రాసి ఉంది, కూర్చుంటే చెల్లుతుందో లేదోనని వాళ్ల అనుమానం. బోర్డువాళ్లు పన్నెండూ రాసుకుని జీపు వైపు నడుస్తుంటే, చివరి చెలకలో ఇంకొక ముసలాయన నిలబడి ఉన్నాడట. ఆయన ముందు మోకాలి లోతు గొయ్యి, పక్కన తడి ఆరని మట్టి, గడ్డపార. తెల్లారి మొదలుపెట్టినట్టున్నాడు. ఇందులో నీళ్లేవి తాతా అని అడిగారట.

"మీరు రాసుకోండ్రి సారూ. మీరు పేరు రాసేటప్పటికల్ల నీళ్లు పడ్తయి" అన్నాడట.

బోర్డు మనిషి చాలాసేపు ఆ గోతిలోకి చూశాడట. తర్వాత ఆ పెద్దాయన పక్కకి వెళ్లి నిలబడి, కలం మూత తీశాడట.